మా నాన్నకు చెవుడొచ్చిన సంతర్పణ

పోయిన మాఘంలో బరంపురం గోసాని నువాగాంలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. బెల్లం కూర్మయ్యగారి మనవడు కట్టుకున్న కొత్త ఇల్లు. కూర్మయ్యగారెవరో ముందు ముందు చెబుతాను. భోజనాలు బఫే అన్నారు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో చెంచా, చంకలో చేతిసంచీ, పైగా జారిపోతున్న శాలువా. దేవుడు మనిషికి మూడో చెయ్యి ఎందుకివ్వలేదో ఈ బఫేలు వచ్చాకే అనుమానం వస్తోంది. నా పక్కన నిలబడి తింటున్నాయన ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు అక్కర్లేదు. నేను గులాబ్‌జామ్ కోసం అటు తిరిగి ఇటు తిరిగేసరికి ఆయన పోయి ఆ చోట ఇంకొకావిడ ఉంది. అంత పెద్ద విందులో అలిగి మధ్యలో లేచిపోయినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. లేవాలంటే ముందు కూర్చోవాలి కదా. మా చిన్నప్పుడు ఇదే వీధిలో ఒక సంతర్పణ సవ్యంగా జరగడానికి ఎంత గణితం కావలసి వచ్చిందో తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

అప్పటికి మా గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసి ఎంతో కాలం కాలేదు. వీధిలో మా వర్తకుల ఇళ్ళు పదో పన్నెండో ఉండేవి. అందరివీ ముందు కొట్టు, వెనక ఇల్లు. మా నాన్న జగన్నాథంగారిది బట్టల కొట్టు. పొద్దున్నే చెక్క తలుపులు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి, సాంబ్రాణి వేసి, కొత్త తానుల గంజి వాసనలో గజంబద్ద పట్టుకుని కూర్చునేవాడు. ఎదురుగా కూర్మయ్యగారి బెల్లం మండీ. అస్కా నుంచి బెల్లం బళ్ళు దిగితే వీధి వీధంతా తియ్యటి వాసన, ఆ వెనకే ఈగలు. కూర్మయ్యగారు భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. మా పక్కిల్లు కిరసనాయిలు పాపయ్యగారిది. ఆ ఇంటివైపు గాలి వీచిందంటే మా అమ్మ ఆరేసిన బట్టలు పరుగున తీసేసేది.

కోపమొస్తే కొందరు అరుస్తారు, కొందరు అన్నం మానేస్తారు. మా నాన్న మాట మానేసేవాడు. అదీ ఒకటి రెండు రోజులు కాదు. ఒకసారి మంగలి చెవి దగ్గర గాటు పెట్టాడని ఏడాదిపాటు అతనితో సైగలతోనే గడ్డం చేయించుకున్నాడు. అలాంటి మనిషి కూర్మయ్యగారితో అయిదారేళ్ళుగా మాట్లాడటం లేదు. కారణం వీధి మొత్తానికీ తెలుసు. కొత్త రాష్ట్రం వస్తోందని తెలిసిన రోజుల్లో నాన్న మా కొట్టు అరుగెక్కి, మెడలో పట్టు ఉత్తరీయంతో, "ప్రాణం పోయినా మనం మద్రాసోళ్ళమే" అని ఉపన్యాసం ఇచ్చాడు. జీవితంలో అదొక్కటే ఉపన్యాసం. అది మంచి పట్టులో ఉండగా ఎదురు అరుగు మీంచి కూర్మయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అస్కా రైతులతో రోజంతా ఒడియాలోనే బేరాలాడే మనిషి కాబట్టి ఆయనకు కొత్త రాష్ట్రం మీద ప్రేమ అనీ, అందుకే తనని వెక్కిరించాడనీ నాన్న తీర్మానించుకున్నాడు. ఆ రోజు నుంచి మాట బంద్.

ఇక సంతర్పణ సంగతి. ఏటా శ్రీరామనవమికి మా వీధివాళ్ళు సత్రంలో సంతర్పణ చేసేవారు. పెత్తనం ఒక్కో ఏడు ఒక్కో ఇంటిది. ఇంటికొక పెద్ద మొదటి బంతిలోనే కూర్చోవాలి. రెండో బంతికి ఆగమంటే అది తిట్టిన దానితో సమానం. పెత్తందారు మొదటి ముద్ద కలిపాకే తక్కినవాళ్ళు కలపాలి కనుక ఆయనా కూర్చోక తప్పదు. వీటన్నిటికీ మించిన నియమం ఒకటుంది: మాటల్లేని ఇళ్ళవాళ్ళు ఒక వసారాలో కూర్చుని తినరు. అదృష్టవశాత్తూ సత్రానికి రెండు వసారాలు, మధ్యలో వంటశాల. ఇక్కణ్ణుంచి చూస్తే అక్కడివాళ్ళు కనబడరు. ఇంత సదుపాయం ఉన్నా అంతకుముందు ఏడు ఎవరినో ఎవరి ఎదురుగానో కూర్చోబెట్టారు. ఆయన ఔపోశన పట్టిన చేత్తోనే లేచిపోయాడు, ఆయన వెనక సగం బంతి లేచింది. పులిహోర గంగాళాలు గోశాలకు పోయాయి. మర్నాటికి ఆవులకు కూడా అజీర్తి చేసింది. ఈసారి పెత్తనం మా ఇంటిది. నాన్నకు నిద్ర లేదు.

ఆ ఏడే నేను స్కూలు ఫైనలు పరీక్షలు రాశాను. కాలేజీలో చేరి లెక్కలు చదవాలని నా పట్టు. ఊళ్ళో కాలేజీలో అప్పటికి ఆడపిల్లలు ముగ్గురో నలుగురో, అందులో లెక్కలకు ఎవరూ లేరు. నాకు ఈ పిచ్చి అంటించింది మా మేడ మీద అద్దెకున్న మహాపాత్ర మాస్టారు. పూరీ వైపు ఒడియా ఆయన, కాలేజీలో లెక్కలు చెప్పేవారు. తెలుగు వ్యాకరణం పుస్తకం చూసి నేర్చుకోవడం వల్ల పాలవాడితో కూడా "పాలు పలుచగా నున్నవి, కారణమేమి?" అనేవారు. నా చదువు సంగతి ఎత్తినప్పుడల్లా నాన్న గజంబద్ద వైపు చూసి, "బట్ట కొలవడానికి కాలేజీ ఎందుకే?" అనేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర బంతుల బెంగతో పెరుగన్నం కూడా ముట్టకుండా కూర్చుని, నేను మళ్ళీ చదువు మాటెత్తితే విసుక్కున్నాడు.

"లెక్కలూ లెక్కలూ అని నా పేణం తీసేత్తున్నావు. ఏటి సేత్తాదే నీ లెక్క? ఈ బంతులు కుదర్సగల్దా? ఒక్కడు లేవకుండా సంతర్పణ గడిపించు, నేనే కాలేజీలో దింపుతాను, ఎల్లు!"

కోపంలో అన్నా మాట మాటే. నాయనమ్మ విన్నది, మెట్ల మీద మాస్టారు విన్నారు. నేను చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా మేడెక్కాను.

మేడ వసారాలో మాస్టారి నల్లబల్ల ఉండేది. నాయనమ్మ అక్కడే వడియాలు ఎండబెట్టి కాకుల్ని తోలుతూ కూర్చునేది. వీధిలో తగువులన్నీ, వాటి పుట్టుపూర్వోత్తరాలతో సహా, ఆవిడకు కంఠతా వచ్చు. "పాపయ్యకీ మీ నాన్నకీ సూరు నీళ్ళ కాడ. పాపయ్యకీ కూర్మయ్యకీ బెల్లం బళ్ళ కాడ, ఈగలు ఆళ్ళింట్లోకి ముసురుతున్నాయని. మందుల కొట్టు సూరయ్యకీ ఆళ్ళ తమ్ముడికీ ఏటో నాకే తెల్దు, ఆళ్ళకీ తెల్దు" అని ఆవిడ చెబుతుంటే మాస్టారు ఒక్కో ఇంటికి ఒక్కో చుక్క పెట్టి, తగువున్న చుక్కల మధ్య గీతలు గీశారు. చూస్తే వడియాల మీద కోడి నడిచినట్టుంది. తర్వాత అదే సంగతిని పట్టికగా వేయించారు. అడ్డంగా అవే పేర్లు, నిలువుగా అవే పేర్లు. తగువుంటే ఒకటి, లేకపోతే సున్న.

"పై సగము వ్రాసిన చాలును," అన్నారు మాస్టారు. "నీతో నాకు తగవున్నచో నాతో నీకును ఉండును. క్రింది సగము అద్దములోని బొమ్మ వంటిది."

ఆ తర్వాత కిటుకు చెప్పారు. తూర్పు వసారాలో కూర్చునేవాడికి ప్లస్ ఒకటి, పడమటి వసారాలోవాడికి మైనస్ ఒకటి. తగువున్న ప్రతి జంటకూ వాళ్ళ అంకెలు రెండూ హెచ్చవేసి, అన్నీ కూడాలి. వేరువేరు వసారాల్లో ఉంటే మైనస్ వస్తుంది, ఒకే చోట ఉంటే ప్లస్ వస్తుంది. మొత్తం ఎంత కిందికి దిగితే వీధికి అంత శాంతి. నాకు ఒళ్ళు పులకరించింది. మనుషుల మొండితనాన్ని కూడా ఇలా కూడికలోకి దింపవచ్చని నాకు అంతవరకూ తెలియదు. అటువంటి కూడికను క్వాడ్రాటిక్ ఫారం అంటారనీ, రెండు సగాలూ ఒకటే అయిన ఆ పట్టిక సౌష్ఠవ మాత్రిక అనీ కాలేజీలో చాలా తర్వాత చదువుకున్నాను.

ఒక్కొక్కరినీ తూర్పుకీ పడమటికీ మార్చుకుంటూ కూడితే అందరూ కుదిరారు, మా ఇంటి దగ్గర తప్ప. నాన్నకీ పాపయ్యగారికీ పడదు, పాపయ్యగారికీ కూర్మయ్యగారికీ పడదు, కూర్మయ్యగారికీ నాన్నకీ పడదు. చుక్కలు మూడు, గీతలు మూడు, వసారాలు రెండే. ఎవరిని ఎటు తోసినా ఒక జంట ఒకే చోట పడి ప్లస్సు వచ్చి కూర్చుంటుంది. "ముగ్గురికి రెండు వసారాలు చాలవు. ఇది రామచంద్రుడు దిగివచ్చినను కుదరదు," అని మాస్టారు సుద్ద కింద పెట్టేశారు. నాయనమ్మ, "మరింక సత్రానికి మూడో వసారా కట్టించండి" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ ముక్కోణం బల్ల మీద కూర్చుని నా కాలేజీకి గొళ్ళెం పెట్టినట్టనిపించింది.

మొదటి నుంచీ నాకో పాడు గుణం ఉంది. ఖాళీగా ఉన్న గడి చూస్తే నింపకుండా ఉండలేను. మాస్టారు వదిలేసిన కింది సగం నన్ను పీకుతూనే ఉంది. అది నింపాలంటే తగువులోని రెండోవాళ్ళ నోటితో కూడా వినాలి. పెత్తనం ఇంటి ఆడపిల్ల ఎలాగూ ఇంటింటికీ బొట్టు పెట్టి పిలవాలి కదా. కుంకం భరిణె పట్టుకుని బయల్దేరి, ప్రతి ఇంట్లోనూ పిలుపు అయ్యాక, మీకు ఎవరెవరితో మాటల్లేవని సూటిగా అడిగేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే భయం వేస్తుంది. ఎవరూ తిట్టలేదు సరిగదా, తగువుల గురించి చెప్పమంటే మజ్జిగ ఇచ్చి మరీ చెప్పారు. పాపయ్యగారైతే చూరు కిందికి తీసుకెళ్ళి నీళ్ళు పడే చోటు కూడా చూపించారు. అన్నీ నాయనమ్మ చెప్పినట్టే సరిపోయాయి. చివరికి బెల్లం మండీకి వెళ్ళాను. కూర్మయ్యగారి భార్యకు బొట్టు పెట్టి, దిమ్మల మధ్య కూర్చున్న ఆయన్ని అడిగాను.

"మావయ్యా, మా నాన్నకీ మీకూ మాటల్లేవు కదా?"

ఆయన మొహం ఒక్కసారిగా జాలిగా అయిపోయింది. "మాటలెలాగుంటాయే గుంటా? ఇనబడాల గదా పాపం! కొత్త రాష్ట్రం ఒచ్చినకాడ్నుంచీ సూత్తన్నాను. ఇక్కడ్నుంచి 'బావా' అని కేకేత్తాను, తలెత్తడు. దగ్గరికెల్లి పిలుత్తాను, అటు తిరిగిపోతాడు. సిన్న వొయసులోనే సెవుడొచ్చేసింది, ఏటి సేత్తాం! అతగాడు బాదపడతాడని నేను ఎవులికీ సెప్పలేదు. అస్కాలో ఒక వైద్దిగుడు సెప్తే, యెల్లుల్లి కాసిన నువ్వుల నూనె ఏటేటా సీసాలో పంపుతన్నాను. సెవిలో ఏత్తన్నారా?"

ఎవరో పేరు చెప్పకుండా పంపే ఆ వెల్లుల్లి నూనె నాకు బాగా తెలుసు. నాయనమ్మ దాన్ని తన పుట్టింటివాళ్ళు పంపుతున్నారనుకుని ఆవకాయ జాడీలో పోసేది. నాన్న ఆ ఆవకాయ వేళ్ళు నాకుతూ తినేవాడు. "ఏస్తున్నాం మావయ్యా" అని, ఇంక ఉండబట్టలేక అడిగాను: "మరి ఆ రోజు నాన్న ఉపన్యాసం ఇస్తుంటే ఎందుకు నవ్వారు?"

"ఏ ఉపన్యాసం? ఓలమ్మ, అదా!" అని ఆయన మళ్ళీ పొట్ట పట్టుకున్నారు. "మద్రాసు మద్రాసని సెయ్యెత్తి సెప్తన్నాడు గదా, ఎనకాల మీ ఆవుదూడ వొచ్చి ఆ పట్టు ఉత్తరీయం సగానికి నమిలేసింది! నవ్వనా మరి? సెప్దారని కేకేశాను కూడాను. అప్పుడే అనుకున్నాను, బావకి ఇనపడ్డం లేదని."

ఆ ఉత్తరీయం ఎలుకలు కొట్టేశాయని నాన్న ఎలకల బోను కొన్నది నాకు గుర్తే.

కొట్లో బేరం లేని సమయం చూసి నాన్నకు అంతా చెప్పాను. గజంబద్ద చేతిలోంచి జారింది. సంతోషిస్తాడనుకున్నాను. మొహం మండిపోయింది. "దూడని సూసి నవ్వేడా?" అన్నాడు. కిందపడ్డ గజంబద్ద తీసి, "అంటే ఇన్నేళ్ళు నేను మాటాడకపోతే ఆడికి తెలీనే లేదా? ఎంత కట్టవే అది! ఎదురుకొట్టోడితో మాటాడకుండా ఉండడవంటే ఏటనుకున్నావు? కేకేసినప్పుడల్లా నాలిక కొరుక్కుని కూకున్నాను. అంతా వొట్టిదేనా?" అన్నాడు. అంత దిగులుగా నాన్నను నేను ఎప్పుడూ చూడలేదు. పూజ చేసినన్నాళ్ళూ దేవుడు గుళ్ళో లేడని తెలిసిన భక్తుడిలా కూలబడ్డాడు. అప్పుడే కాలేజీ నుంచి వస్తున్న మాస్టారిని నేను అరుగు మీదే పట్టుకున్నాను. ఆయన విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒక పక్క ఒకటి, రెండవ పక్క సున్న! ఇట్టి పట్టికను నేనెన్నడును చూచి యుండలేదు. షావుకారు గారూ, మీ యొకటిని తుడిచివేయుడు. ముక్కోణము తెగును, మీ అమ్మాయి గెలుచును."

తుడిచెయ్యడం బల్ల మీద తేలికే. ఇప్పుడు వెళ్ళి కూర్మయ్యతో మాట్లాడితే, ఇన్నేళ్ళూ ఎందుకు పలకలేదని అడగడా? చెవుడు లేదని తేలితే తగువుందని తేలుతుంది. తగువెందుకంటే దూడ పేరు చెప్పాలి. నాన్న రెండు రోజులు కొట్లో కూర్చుని తానులు మడత పెట్టిందే మళ్ళీ పెట్టాడు. మూడో రోజు నన్ను పిలిచి, తలుపు చాటున నెమ్మదిగా అన్నాడు: "సరే. నాకు సెవుడే. ఆడిని నా పక్కనే కూకోబెట్టు."

సంతర్పణ నాడు పాపయ్యగారిని పడమట, నాన్ననూ కూర్మయ్యగారినీ తూర్పున కూర్చోబెట్టాం. నేను వంటశాల గుమ్మంలో నిలబడి రెండు వసారాలూ చూస్తూ ఉన్నాను. పులిహోర, పనసపొట్టు కూర, మా బరంపురంలో ఒడియావాళ్ళ దగ్గర నేర్చుకున్న కూరముక్కల పప్పు దాల్మా, పరమాన్నం అన్నీ పడ్డాయి. గోవింద కొట్టారు. నాన్న మొదటి ముద్ద కలిపాడు. కూర్మయ్యగారు నాన్న చెవిలోకి వంగి సత్రం కప్పు లేచిపోయేలా అరిచారు.

"బావా! పరవాన్నంలో బెల్లం నాదే! బాగుందా?"

వసారా అంతా చేతులు ఆగిపోయాయి. వీళ్ళ తగువు తెలియనిది ఎవరికి? నాన్న తల తిప్పి ఆయన మొహంలోకి చూశాడు. అయిదారేళ్ళలో మొదటిసారి. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, రెండోసారి అరిపించుకుని, చెవిటివాళ్ళు అరిచినట్టే తిరిగి అరిచాడు: "బాగుంది బావా! శానా బాగుంది!"

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సగం కాలేజీ కోసం, సగం ఆ అరుపు కోసం. చివరి మజ్జిగ దాకా ఒక్కరు లేవలేదు. చేతులు కడుక్కునే చోట నేను నీళ్ళు పోస్తుంటే నాన్న తల ఎత్తకుండా, "కాలేజీ ఎప్పుడు తెరుత్తారే?" అన్నాడు. నేను చెప్పాను. "ఎల్లు మరి. సెవుడు సంగతి మాత్రం నీ కడుపులోనే ఉండాల" అన్నాడు.

అలా నాకు చదువూ, నాన్నకు చెవుడూ ఒకేసారి వచ్చాయి. నాన్న మాట తప్పలేదు, చెవుడూ తప్పలేదు. నూనె వేస్తున్నా తగ్గలేదేమిటని కూర్మయ్యగారు ఆదివారం ఆదివారం సీసాతో తనే వచ్చేవారు. నాన్న అరుగు మీద పక్కకు తిరిగి పడుకుని, గోరువెచ్చటి వెల్లుల్లి నూనె చెవిలో పోయించుకుని, కిమ్మనకుండా భరించేవాడు. ఆవకాయ రుచి తగ్గిందని నాయనమ్మ గొణిగేది. రానురాను కొట్లో కూడా చెవుడు బాగా కలిసొచ్చింది. గీచి గీచి బేరమాడేవాళ్ళ మాట ఒక్కటీ నాన్నకు వినపడేది కాదు. కూర్మయ్యగారు రోజూ సాయంత్రం వచ్చి మండీ సంగతులు, కోడలి సంగతులు, చివరికి తన గుండె నొప్పి సంగతి కూడా నాన్న చెవిలో అరిచేవారు. ఆయన రహస్యాలన్నీ వీధికి అలాగే తెలిసేవి. నేను మటుకు లెక్కల లెక్చరర్నయి, ఉద్యోగమంతా పిల్లలకు సౌష్ఠవ మాత్రికలు చెప్పాను. "పై సగం రాస్తే చాలు" అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. పిల్లలకు కారణం తెలియక వాళ్ళూ నవ్వేవారు.

నాన్న పోయిన రోజు కూర్మయ్యగారు కర్ర పట్టుకుని, మనవడి భుజం మీద చెయ్యేసి వచ్చారు. నాన్న తల దగ్గర కష్టం మీద కూర్చుని, చెవి మీదకు వంగి, ఎప్పటిలాగే అరిచారు: "బావా! నువ్వు ముందెల్లు! నేను బేగొచ్చేత్తాను!" ఎవరో ఆయన్ని పక్కకు తీయబోతే నేను వద్దన్నాను. అంత ప్రేమగా నాన్నతో ఎవరూ మాట్లాడి ఉండరు.

ఇవన్నీ ఆ బఫేలో ప్లేటు పట్టుకుని తలుచుకున్నాను. ఇప్పుడా వీధికి పట్టిక వేస్తే అడ్డంగానూ నిలువుగానూ అన్నీ సున్నలే వస్తాయేమో. తగువు పడాలన్నా పక్కింటివాడి పేరు తెలియాలి. చెప్పొద్దూ, నాకు ఆ పాత తగువుల మీద బెంగ పుట్టింది. ఇంతలో ఆనాడు భుజం ఆసరా ఇచ్చిన మనవడు, ఇప్పుడు తనే తల నెరిసినవాడు, ఒక కుర్చీ లాక్కొచ్చి నన్ను కూర్చోబెట్టాడు. చిన్న గిన్నె చేతిలో పెట్టి నా చెవిలోకి వంగాడు.

"అత్తా! పరవాన్నం! అస్కా బెల్లం! బాగుందా?"

పందిరంతా ఇటు తిరిగింది. ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు ఒక్క క్షణం ఆగారు. "ఈళ్ళింట్లో సెవుడు వొంశంలోనే ఉందిలే, మా తాత సెప్పేవోడు" అని మనవడు తన భార్యతో మెల్లగానే అన్నాడు. నాకు స్పష్టంగా వినిపించింది. ఈ వయసులో కళ్ళు మందగించాయి గాని నా చెవులు చీమ నడిచినా వింటాయి.

చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఇంకోసారి చెప్పమన్నట్టు చూశాను. అతను మళ్ళీ అరిచాడు. నేనూ అంత గట్టిగానే అరిచాను.

"బాగుంది నాయనా! శానా బాగుంది!"